ఉద్యోగాన్వేషణము – మొగమాటము



ఉద్యోగము చేయువానికి ఆదివారము కలదు, పండుగ సెలవులు కలవు, నెల తిరుగునప్పటికి జీతము కలదు. ఉద్యోగము వెదకువానికి ఇందులో నొక్కటియు లేదు. వాడు తెల్లవారినది మొదలు ప్రకటనలు చూచుచు, దరఖాస్తులు పూర్తిచేయుచు, ధ్రువపత్రములకు నకళ్లు తీయించుచు, పోయిన వారము వెళ్లివచ్చిన ఇంటర్వ్యూ ఫలితమేమైనదో తెలియక ఫోను మ్రోగినప్పుడెల్ల ఉలికిపడుచు కాలము గడుపును. ఇంత శ్రమపడియు, సాయంకాలము అరుగు మీద కూర్చున్న పెద్దమనిషి "ఏమిరా అబ్బాయీ, ఇంకా ఖాళీయేనా?" అని పలుకరించినచో, అవునని తల యూపుట తప్ప వానికి గత్యంతరము లేదు. ఇక ఉన్న ఉద్యోగమును విడిచి మరియొకదానిని వెదకువాని అవస్థ వేరు. పగలెల్ల ఒకరి కొలువు చేసి, రాత్రివేళ మరియొకరి కొలువునకు దరఖాస్తు వ్రాయవలెను. ఆ సంగతి మొదటివారి చెవిని బడకుండ కాపాడుకొనవలెను.

అభ్యర్థుల నెంపిక చేయు సంఘములలో చాలకాలము కూర్చుండినవాడను గావున, బల్లకు ఆవలి వైపున నున్నవారికి కానరాని సంగతులు కొన్ని నా కంట బడినవి. వానిలో ముఖ్యమైనదానిని మొదటనే మనవి చేసెదను. మనవారు ఉద్యోగమును వెదకుచున్నామని చెప్పుకొను కాలములో అధికభాగము నిజమునకు వేచియుండు కాలము. పేరు నమోదు చేయించుకొని పిలుపు కొఱకు వేచియుందురు. నోటిఫికేషను వెలువడువఱకు వేచియుందురు. పరీక్ష వ్రాసి ఫలితము కొఱకును, ఫలితము వచ్చిన పిదప కోర్టు తీర్పు కొఱకును వేచియుందురు. తెలిసినవారి యొద్దకు బోయి, "మీ రెఱిగిన చోట నాకు తగిన పని ఏదైన గలదా?" అని నోరు విప్పి అడుగుటకు మాత్రము మన సొప్పదు. దీనిని ఆత్మగౌరవమని చెప్పుకొని తృప్తిపడువారు పెక్కురు గలరు. నా కది మొగమాటముగానే కనబడినది. ఎందఱో సమర్థులైన యువకులను ఇంటిపట్టున కూర్చుండబెట్టినది అసమర్థత కాదు, ఈ మొగమాటమే.

ఈ వేచియుండు అలవాటు మనకు ఎట్లబ్బినదో ఆలోచింపగా, అందు కొంత బాధ్యత ప్రభుత్వమువారు సదుద్దేశముతోనే నెలకొల్పిన ఒక సంస్థకు చెందునని తోచుచున్నది. రెండవ ప్రపంచ యుద్ధము ముగియుచున్న తరుణమున, 1945 జూలైలో, సైన్యమునుండి విడుదలయి వచ్చు సిపాయిలకు పౌరజీవితమున పని చూపించుటకై ఎంప్లాయిమెంటు ఎక్స్ఛేంజిలను ప్రారంభించిరి. దేశవిభజన జరుగగా శరణార్థులకు గూడ ఆ ద్వారములు తెఱచిరి. 1948 నాటికి ఎవరైనను అక్కడ పేరు వ్రాయించుకొనవచ్చుననిరి. 1956 నవంబరు 1వ తేదీన ఆ కార్యాలయముల దైనందిన పాలన రాష్ట్రములకు సంక్రమించినది. ఆంధ్రప్రదేశ్ రాష్ట్రము అవతరించిన దినము గూడ అదియే యగుటచే, మన ప్రభుత్వము పుట్టిననాడే నిరుద్యోగుల చిట్టా దాని యొడిలో వచ్చి పడినదని చెప్పవచ్చును. 1959లో ఒక చట్టము చేసిరి. ప్రభుత్వ కార్యాలయములును, ఇరువదియైదుగురు లేక అంతకు మించి పనివారు గల ప్రైవేటు సంస్థలును తమ యొద్ద ఏర్పడిన ఖాళీలను ఎక్స్ఛేంజికి తెలుపవలెనని అందు విధించిరి. అయితే తెలుపవలెనన్నదే గాని, ఎక్స్ఛేంజి పంపినవారినే నియమింపవలెనన్న నిర్బంధము ఆ చట్టములో లేకుండెను. చట్టము చదివినవారెందఱు? కార్డు చేయించుకొన్నవారు మాత్రము కోకొల్లలు.

ఆ కార్డును గూర్చి నేటి యువకులకు కొంత చెప్పవలసియున్నది. పదవ తరగతి ఫలితములు వచ్చుటయే తడవుగా తండ్రి కుమారుని వెంటబెట్టుకొని జిల్లా కేంద్రమునకు బస్సెక్కెడివాడు. ఉపాధి కార్యాలయపు వసారాలో పొద్దుటనుండి వరుసలో నిలువబడి, మధ్యాహ్నమునకు కార్డు పుచ్చుకొని, హోటలులో భోజనము చేసి, ఏదో సాధించినట్లే తిరుగుముఖము పట్టెడివారు. కార్డు మీద నమోదు సంఖ్య, తేదీ, మూడేండ్ల కొకమాఱు వేయించుకొనవలసిన రెన్యూవలు ముద్రలు ఉండెడివి. గడువు దాటినచో సీనియారిటీ పోవును గనుక, దానిని భూముల దస్తావేజులతోపాటు ట్రంకుపెట్టెలో భద్రపఱచిన గృహస్థులు గలరు. పెండ్లిచూపులలో సైతము "అబ్బాయికి సీనియారిటీ ఉన్నదండీ, నేడో రేపో కాల్ లెటరు వచ్చును" అని చెప్పుకొనెడివారు. రావలసిన వయస్సులో రాని ఆ కాల్ లెటరు, వయోపరిమితి దాటి అర్హత పోయినతరువాత వచ్చి, ఇంటిల్లిపాదిని నవ్వించి ఏడిపించిన ఉదంతములు ప్రతి తాలూకాలోను వినబడెడివి.

పేర్లు పంపు అధికార మొకచోటనే యుండుటలోని యిబ్బంది తుదకు న్యాయస్థానముల దృష్టికి వచ్చినది. మన కృష్ణాజిల్లా ఎక్సైజు శాఖలోని నియామకములను గూర్చిన వ్యాజ్యమొకటి సుప్రీంకోర్టు వఱకు పోయినది. ఎక్స్ఛేంజి పంపిన పేర్లకే పరిమితము గాక, పత్రికలలో ప్రకటించియు, కార్యాలయపు నోటీసుబోర్డు మీద ప్రదర్శించియు, రేడియో, టెలివిజనులలో చెప్పించియు, దరఖాస్తు చేసికొన్న వారినందఱిని పరిశీలించుట న్యాయమని 1996లో ఆ న్యాయస్థానము తీర్పు చెప్పినది. రేడియోలో మాటలాడుచున్నవాడను గావున, ఆ జాబితాలో రేడియోను మఱువనందుకు నాకు కలిగిన సంతోషమును దాచుకొనజాలను. అటుపిమ్మట ఎక్స్ఛేంజి కార్డు ప్రాభవము క్రమముగా సన్నగిల్లినది. వేచియుండు అలవాటు మాత్రము చావలేదు; అది కార్డును విడిచి నోటిఫికేషనును పట్టుకొన్నది.

హైదరాబాదున చిక్కడపల్లిలోని నగర కేంద్ర గ్రంథాలయము చుట్టుపట్లను, అశోక్‌నగరు సందులలోను తిరిగినవారికి నేను చెప్పబోవునది క్రొత్తగాదు. ఒక్కొక్క గదిలో ముగ్గురు నలుగురు చేరి, ఇంటినుండి వచ్చు కొద్ది సొమ్ముతో గడుపుకొనుచు, పగలు గ్రంథాలయములో చోటు కొఱకు తెల్లవారుజాముననే సంచి పెట్టి, గ్రూపు పరీక్షల పుస్తకములను కంఠస్థము చేయు యువతీయువకులు అక్కడ కనబడుదురు. వారిని తక్కువచేసి మాటలాడుట నాకు చేతగాదు. సర్వీసు కమిషను పరీక్ష గౌరవనీయమైన మార్గము. సిఫారసు లేని పేదవాని బిడ్డ డిప్యూటీ కలెక్టరు కాగలుగుట ఆ పరీక్ష వలననే. కాని ఆ త్రోవ పట్టువారు ఎన్ని యేండ్ల వఱకు పట్టుదురో ముందే నిర్ణయించుకొని, ఆ మాట ఇంటిలో చెప్పి, ఆ లోపల ఏదో యొక పని చేయుచు చదువుట మేలు. ఏ పనియు చేయని అయిదాఱు సంవత్సరముల తరువాత ఎదుట కూర్చున్న అభ్యర్థిని "ఇంతకాలము ఏమి చేసితివి?" అని అడుగుట మా వంటివారికి గూడ కష్టముగానే యుండును.

వేచియుండుట మాని వెదకుట యన నేమో ఇప్పుడు చూతము. అమెరికాలో మార్క్ గ్రానోవెటరను సామాజిక శాస్త్రజ్ఞుడు బోస్టను సమీపముననున్న న్యూటను పట్టణములో, క్రొత్తగా ఉద్యోగము మాఱిన చదువుకొన్న వారిని "మీకీ పని యెట్లు దొరికినది?" అని విచారించినాడు. 1973లోను ఆ మఱుసటి సంవత్సరమునను తాను కనుగొన్నదానిని ప్రకటించినాడు. సగముకంటె ఎక్కువమందికి ఆ పని ప్రకటన వలన గాదు, తెలిసినవారి మూలమున దొరికినది. ఇది మనమును ఊహింపగలము. ఊహింపలేనిది మరియొకటి గలదు. ఆ తెలిసినవారిలో పెక్కురు ఆప్తమిత్రులో దగ్గఱి చుట్టములో కారు. తెలిసినవారి మూలమున పని దొరికినవారిలో ఆఱింట అయిదువంతులవారికి ఆ కబురు చెప్పినది అప్పుడప్పుడో, అరుదుగానో కనబడు పరిచయస్థులు. పూర్వము ఒక కార్యాలయములో పనిచేసినవాడు, చదువుకొను నాటి సహాధ్యాయి, రైలులో పరిచయమైన ఉద్యోగి, ఇటువంటివారు. కారణము సుబోధకమే. మన ఆప్తులు మనము తిరుగు చోటనే తిరుగుదురు, మనము వినునదే విందురు. మనకు తెలియని ఖాళీ వారికిని తెలియదు. దూరపు పరిచయస్థుడు వేఱొక లోకములో మెలగువాడు గనుక, అక్కడి వార్త వాని నోటనే రావలెను.

మన దేశమున ఇందుకు నిదర్శనము కావలెనన్నచో శ్రీనివాస రామానుజన్ కథ కంటె మేలైనది నా యెఱుకలో లేదు. ఆ పేరు వినగానే మనకు గణితమును కేంబ్రిడ్జియు జ్ఞప్తికి వచ్చును గాని, ఆ మహామేధావి గుమాస్తా పని కొఱకు ఊళ్లు తిరిగినాడని జ్ఞప్తికి రాదు. కళాశాలలో ఎఫ్.ఏ. పరీక్ష తప్పినాడు, పెండ్లి యైనది, చేతిలో చిల్లిగవ్వ లేదు. 1910లో తిరుక్కోయిలూరునకు బోయి, భారత గణిత సంఘ స్థాపకులును అప్పుడక్కడ డిప్యూటీ కలెక్టరును నగు వి. రామస్వామి అయ్యరుగారిని, తమ శాఖలో ఏదైన చిన్న ఉద్యోగ మిప్పింపుడని యాచించినాడు. అయ్యరుగారు అతని నోటుపుస్తకములు త్రిప్పిచూచి, ఇట్టివానిని రెవిన్యూ కచేరీలోని అట్టడుగు కొలువున పాతిపెట్టుటకు మనసు రాక, మద్రాసులో గణితోపాధ్యాయులైన శేషు అయ్యరుగారి యొద్దకు పంపినారు. శేషు అయ్యరుగారు ఒక చీటీ వ్రాసి యిచ్చి, మన నెల్లూరులో కలెక్టరుగానున్న దివాన్ బహదూర్ ఆర్. రామచంద్రరావుగారి యొద్దకు పంపినారు. గడ్డము గీసికొనక, మాసిన బట్టలతో, చంకలో చినిగిన పుస్తకముతో వచ్చిన ఆ యువకుని మాటలు రామచంద్రరావుగారికి మొదట బోధపడలేదు. అయినను వెళ్లగొట్టక, సావకాశముగా విని, మఱల మఱల రప్పించి, తుదకు తృప్తిచెంది, నెలనెలకు భత్యముగా తమ సొంత సొమ్ము పంపసాగినారు.

రామానుజన్ ఒకరి దయమీద చిరకాలము బ్రతుక నిచ్చగింపలేదు. 1912 ఆరంభమున మద్రాసు అకౌంటెంటు జనరలు కార్యాలయములో నెలకు రూ. 20 జీతము మీద కొద్దిదినములు తాత్కాలికముగా పనిచేసినాడు. ఫిబ్రవరిలో పోర్టు ట్రస్టునకు దరఖాస్తు పెట్టినాడు. ప్రెసిడెన్సీ కళాశాల ఆచార్యులు మిడిల్‌మాస్టుగారి యోగ్యతాపత్రము దానికి జోడించినాడు. మార్చి 1వ తేదీన రూ. 30 జీతముతో లెక్కల విభాగమున గుమాస్తాగా చేరినాడు. ఆ కార్యాలయమున పై అధికారులు నారాయణ అయ్యరుగారును సర్ ఫ్రాన్సిస్ స్ప్రింగుగారును అతని ప్రతిభను గుర్తించి ప్రోత్సహించినందువలననే, మరుసటి సంవత్సరము జనవరిలో కేంబ్రిడ్జిలోని గణితజ్ఞుడు హార్డీకి జాబు పోయినది. ఈ కథను మేధాశక్తికి దృష్టాంతముగా చెప్పుట లోకములో పరిపాటి. నేను దానిని ఉద్యోగాన్వేషణకు దృష్టాంతముగా చెప్పుచున్నాను. తిరుక్కోయిలూరునుండి మద్రాసునకు, మద్రాసునుండి నెల్లూరునకు, ఒక పరిచయము రెండవదానికి త్రోవ చూపినది. ఆ పెద్దలలో నొక్కరును అతనికి చుట్టము కారు. ప్రతి గుమ్మమునందును అతని పక్షమున మాటలాడినది ఆ నోటుపుస్తకము. చేతిలో తన పని పట్టుకొని పోయినాడు గాని, వట్టి చేతులు జోడించి పోలేదు.

ఇచ్చట కొందఱు శ్రోతలు "ఇది సిఫారసుల నాశ్రయింపుడని చెప్పుటయే కదా?" అని ఆక్షేపింపవచ్చును. కాదు. సిఫారసు అడుగుట యనగా, అర్హత గల వేఱొకని త్రోసిపుచ్చి నన్ను కూర్చుండబెట్టుడని అడుగుట. అది అడుగువానికిని చేయువానికిని అపరాధమే. నేను చెప్పునది కబురడుగుట. ఖాళీ యెచ్చట గలదు, ఎవరిని చూడవలెను, అక్కడి పని యెట్టిది, దానికేమి నేర్చియుండవలెను అని విచారించుటలో ఎవరి న్యాయమునకును భంగము లేదు. హైదరాబాదులోని సాఫ్ట్‌వేరు సంస్థలు తమ ఉద్యోగులను "మీ రెఱిగిన సమర్థులెవరైన గలరా?" అని తామే అడిగి, వారు చూపినవాడు చేరినచో రిఫరల్ బోనసు పేర డబ్బు ముట్టజెప్పుచున్నవి. అవతలివారు డబ్బిచ్చి అడుగుచున్నదానిని, ఉచితముగా చెప్పుమని అడుగుటకు మనకు సిగ్గేల?

అడుగుటకు గూడ ఒక తీరు గలదు. "ఏదైన ఉద్యోగముంటే చూడండి" అని అందఱితోను చెప్పువానికి ఎవరును ఏమియు చూడలేరు. ఏది చూడవలెనో వారికి తెలియదు. "అన్నయ్యగారూ, నేను పదునాలుగేండ్లు మందుల డిపోలో స్టాకు వ్రాసినాను, జి.ఎస్.టి. రిటర్నులు నేనే వేసెడివాడను. విజయవాడలోగాని గుంటూరులోగాని డిస్ట్రిబ్యూటర్లెవరైన మీకు తెలియునా? వారి యొద్ద ఖాళీ లేకున్నను ఫరవాలేదు, ఒక్కమాఱు మాటలాడి వత్తును" అని చెప్పినచో, విన్నవాని మనస్సులో వెంటనే ఒకటి రెండు పేర్లు మెదలును. అడిగినది చిన్న సహాయము గనుక కాదనుటకు అతనికి కారణము కనబడదు. ఏమైనదో తరువాత ఒక మాట చెప్పివచ్చుట మఱువరాదు. తన కబురు ఎవరికైన పనికివచ్చినదని వినుట అందఱికిని ఇష్టమే.

ఇక దరఖాస్తును గూర్చి. ఒకప్పుడు ఒక శీతల గిడ్డంగిలో లెక్కల గుమాస్తా ఉద్యోగమునకు ఎంపిక జరుగుచుండగా, నలుబది దాటిన అభ్యర్థి యొకడు మా ఎదుట కూర్చుండినాడు. బయోడేటా రెండు పుటలు. మొదటి పుటలో నల్లని అక్షరములతో, తాను కష్టపడి పనిచేయువాడననియు, నిజాయితీపరుడననియు, పదిమందితో కలసిమెలసి యుండువాడననియు వ్రాసికొన్నాడు, అది డి.టి.పి. షాపువారు అందఱికిని కొట్టియిచ్చు పాఠము. రెండవ పుటలో, తండ్రి పేరునకును పుట్టిన తేదీకిని నడుమ, "రైసుమిల్లులో గుమాస్తా, అనుభవము 18 సంవత్సరములు" అని ఒక్క పంక్తి. మిల్లు మూతపడినదట. మాలో నొకరు విసుగుతోనే "అక్కడ పొద్దున్నే పోయి ఏమి చేసెడివాడవయ్యా?" అని అడిగినారు.

అప్పటివఱకు నీళ్లు నమలుచున్న మనిషి ఒక్కసారిగా తేఱుకొన్నాడు. ధాన్యము లారీ వచ్చినతోడనే కాటా చీటీ చూచుకొనుట, బొంగు గ్రుచ్చి బస్తా బస్తాకు గింజ తీసి తేమ పరీక్షించుట, పదునేడు శాతము మించినచో రైతుతో పేచీ లేకుండ సర్ది చెప్పుట. నూఱు కిలోల ధాన్యమునకు అఱువదియేడు కిలోల పచ్చిబియ్యము లెక్కన సర్కారునకు అప్పగించుచు, నూకయు తవుడును ఊకయు వేఱువేఱుగా ఖాతాలో చూపుట. గోనెసంచుల లెక్క మాత్రము ఎవరికిని వదలక తానే ఉంచుకొనుట, ఏలయనగా మిల్లు లాభము సంచులలోనే కారిపోవునట. శనివారము హమాలీల ముఠా మేస్త్రీకి బట్వాడా చేయుట. ఇవి యన్నియు ఏకబిగిని చెప్పుకొనిపోయినాడు. మాకు కావలసిన మనిషి అతడే. బంగాళాదుంపయైనను మిరపకాయయైనను, తూకము, తేమ, సంచి, కూలి, ఈ నాలుగింటి లెక్కయే కదా గిడ్డంగి! కాని ఆ ప్రశ్న ఎవరును అడుగకుండినచో, ఆ పదునెనిమిదేండ్ల విద్య ఆ ఒక్క పంక్తిలోనే సమాధియై యుండెడిది.

కావున క్రొత్త ఉద్యోగమును వెదకువారు, ముఖ్యముగా నడివయస్సున పని పోయినవారు, తమ గుణగణములను వర్ణించుకొనుట మాని, తాము చేసిన పనిని వర్ణింపవలెను. రోజుకు ఎన్ని లారీలు దింపించితిరి, ఎన్ని లక్షల నగదు చేతులమీదుగా పోయినది, మీరు చేరకమునుపు ఏది చెడియుండెను, మీరు దానిని ఎట్లు బాగుచేసితిరి అన్నది వ్రాయుడు. అట్లు వ్రాసినప్పుడు, ఆ పని ఒక్క రైసుమిల్లులోనే గాదు, విత్తనాల కంపెనీలోను, భీమవరము దిక్కున రొయ్యల ప్రాసెసింగు కేంద్రములలోను, జిన్నింగు మిల్లులలోను గూడ అవసరమేనని వ్రాయువానికే తెలిసివచ్చును. మన విద్య మనము పనిచేసిన షెడ్డునకు సంబంధించినదను భ్రమ చాలమందిని కట్టిపడవేయుచున్నది.

పని మాఱువారికి వ్యవహార సంబంధమైన మాటలు రెండు మూడు. క్రొత్తవారు నియామకపత్రము చేతికియ్యకమునుపు పాత ఉద్యోగమునకు రాజీనామా పెట్టకుడు. ఫోనులో చెప్పిన మాట మాటయే గాని పత్రము గాదు. పాతచోట నోటీసు గడువు పూర్తిచేసి, రిలీవింగు లెటరును, అనుభవ ధ్రువపత్రమును పుచ్చుకొని రండు. కోపముతో తలుపు విసరికొట్టి వచ్చుటవలన కలుగు ఆనందము ఒక్క పూట. దాని ఖరీదు తరువాత తెలియును. ప్రావిడెంటు ఫండు సొమ్మును ప్రతి మార్పునకు తీసికొని ఖర్చుపెట్టుట మనవారిలో బాగుగ నాటుకొన్న దురలవాటు. 2014 నుండి చందాదారు ఎన్ని ఉద్యోగములు మాఱినను ఒక్కటే సంఖ్య యుండునట్లు ఏర్పాటు జరిగినది. ఆ సంఖ్య క్రిందికి పాత ఖాతాను బదిలీ చేయించుకొనుడు. అయిదేండ్ల సర్వీసు నిండకుండ తీసికొన్న సొమ్మునకు ఆదాయపు పన్ను తగులవచ్చును; పింఛను రావలెనన్నచో పది యేండ్ల సర్వీసు కావలెను. మాటిమాటికి త్రెంచుకొన్నవానికి ఆ పది యేండ్లు ఎన్నటికి నిండును?

అడుగుమంటినని ఎవరి నడిగినను మంచిదే యనుకొనరాదు. అవసరములో నున్నవాని చెంతకు వంచకుడు తానే నడచివచ్చును. ఉద్యోగమిచ్చువాడు జీతమియ్యవలసినవాడే గాని, ధరావతు పేర, శిక్షణ పేర, యూనిఫారము పేర మీ యొద్ద డబ్బు పుచ్చుకొనవలసినవాడు గాడు. అట్లడిగినచో లేచి రండు. సచివాలయములో తెలిసినవారున్నారని, వెనుకద్వారమున ఉద్యోగమిప్పింతునని లక్షలు పుచ్చుకొని నకిలీ నియామకపత్రము చేతబెట్టువారి వార్త వినని నెల లేదు. ఎకరము పొలము అమ్మి ఆ సొమ్ము కట్టినవాడు, తీరా ఆ పత్రము పట్టుకొని కార్యాలయమునకు పోయి, అక్కడి బిళ్లబంట్రోతు చెప్పగా నిజము తెలిసికొనును.

విదేశములకు పోవువారి విషయము మఱింత జాగరూకతతో చూడవలసినది. కరీంనగరు, నిజామాబాదు ప్రాంతములనుండి గల్ఫు దేశములకును, కడప, కోనసీమలనుండి ముఖ్యముగా కువాయిటునకును దశాబ్దములుగా జనము పోవుచున్నారు. 1983 నాటి వలస చట్టము ప్రకారము, మనుష్యులను విదేశపు పనికి పంపు ఏజెంటు ప్రభుత్వమువద్ద నమోదు చేయించుకొన్నవాడై యుండవలెను; సేవారుసుముగా రూ. 30,000, దానిపై జి.ఎస్.టి. తప్ప ఎక్కువ పుచ్చుకొనరాదు. ఊరిలో తిరుగు సబ్ ఏజెంటు ఎంత మంచివాడైనను ఆ నమోదు లేనివాడే. విజిట్ వీసా మీద పోయి పనిలో చేరవచ్చునన్నవాని మాట బొత్తిగా నమ్మరాదు. 2024లో విశాఖపట్టణము పోలీసులు బయటపెట్టిన ఉదంతము మీలో పెక్కురు వినియుందురు. కంప్యూటరు ముందు కూర్చుండి చేయు డేటా ఎంట్రీ పని యని చెప్పి మన యువకులను కాంబోడియాకు తరలించి, అక్కడ నిర్బంధించి, మన దేశీయులనే ఫోనులలో మోసగించు పనికి వారిని వినియోగించిరి. వారు మూర్ఖులు గారు. చదువుకొన్నవారు, పని కావలసినవారు. బయలుదేరకమునుపు ఆ సంస్థ పేరును, ఏజెంటు నమోదును విచారించు మనిషి వారికి కఱవైనాడు. హైదరాబాదులో ప్రొటెక్టర్ ఆఫ్ ఎమిగ్రెంట్స్ కార్యాలయము గలదు. ఇందుకొఱకే రెండు తెలుగు రాష్ట్రములలోను ప్రభుత్వపు విదేశ నియామక సంస్థలును గలవు. అడుగుటకు రుసుము లేదు.

ఇంతవఱకు వెదకువారితో మాటలాడితిని. ఇక వెదకనక్కఱలేని అదృష్టవంతులతో ఒక మాట. ఉద్యోగములిచ్చు యజమానులారా, ఇంటర్వ్యూకు పిలిచినవానికి, ఎంపిక గాకపోయినచో ఆ సంగతి ఒక్క వాక్యములో తెలియజేయుడు. "తరువాత కబురు పెట్టెదము" అని పంపివేసి, ఆ కబురు ఎన్నటికిని పెట్టకపోవుట మన కార్యాలయములలో ఆచారమై కూర్చున్నది. దానిని నమ్మి మరియొక అవకాశమును వదులుకొన్నవారున్నారు. దూరమునుండి వచ్చినవానికి దారిఖర్చు లిచ్చిన సంస్థలను నే నెఱుగుదును. అందువలన అవి దివాలా తీయలేదు. ఇంటిలో నిరుద్యోగి యున్న తల్లిదండ్రులారా, ప్రతి సాయంకాలమును "ఏమైనా తెలిసినదా?" అని అడుగకుడు, తెలిసినచో వాడే చెప్పును.

ఉద్యోగములలో నున్న సోదరసోదరీమణులారా, మీ కార్యాలయములోనో, ఎదుటి దుకాణములోనో, మీ పూర్వపు సంస్థలోనో ఒక ఖాళీ గలదని మీ చెవిని బడినచో, దానికి తగినవాడు మీకు దగ్గఱివాడా, దూరపువాడా యని చూడక, ఈ వారములోనే ఆ కబురు వానికి చేరవేయుడు. దరఖాస్తు పెట్టుకొనుట వాని పని. ఎంపిక చేయుట యజమాని పని. మీరు చేయవలసినది ఆ ఒక్క ఫోను.